పేగులో పిలక

నేను రాయబోయేది విరోచనం గురించి, దానితో పాటు పడిన నెత్తురు గురించి. అన్నం ముందు కూర్చుని చదువుతున్న వాళ్ళుంటే ముందు అన్నం తినేయండి. నాకు తొందరేమీ లేదు. కానీ ముక్కు మూసుకుని రాయాల్సిన సంగతి కాదిది. తెరిచి చెప్పబట్టే నేను బతికాను, తెరిచే రాస్తాను.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టి, పొట్టు తీసి బతికినదాన్ని. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. మధ్యాహ్నం కూడు తిన్నాక ఫ్యాక్టరీ పక్క వరండాలో ఆడవాళ్ళకు చదువు చెప్పేవారు. అక్కడ కూర్చుని నేర్చుకున్నాను. పొడుగు వాక్యం రాస్తే దాని మొదలు ఎక్కడుందో నాకే తప్పిపోతుంది. అందుకని పొట్టిగా రాస్తాను.

మా ఇంటాయన నాకు మేనమామ వరస. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసి మానేసిన మనిషి. నా చెల్లెల్ని సోంపేట దగ్గర కొబ్బరితోటల్లోకి ఇచ్చారు. ఈ కథలో మా ముగ్గురితో పాటు ఒక డాక్టరమ్మ ఉంది. అంతే.

ఉద్దానం సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా వైపు కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలుసు. ఏ వీధిలో చూసినా రక్తం శుద్ధి చేయించుకోవడానికి వెళ్ళివచ్చే మనిషి ఒకరు కనిపిస్తారు. అందుకని మాకు ఒంట్లో ఏం వచ్చినా ముందు చేయించేది ఒకటే పరీక్ష. క్రియాటిన్. ఒక్క ముక్క చదువు రాని ముసలిది కూడా ఆ మాట తడుముకోకుండా పలుకుతుంది. తలనొప్పి వచ్చినా క్రియాటిన్, కాళ్ళు లాగినా క్రియాటిన్, ఆకలి లేకపోయినా క్రియాటిన్. పెళ్ళిలో ఎదురుపడితే "బాగున్నావా" అని అడగరు, "ఎంతొచ్చింది" అని అడుగుతారు. అంకె బాగా వస్తే ఇక ఆ మనిషికి ఏ జబ్బూ లేనట్టే. అమ్మవారికి కోడి కోసి, ఇంటిల్లిపాదీ తిని, ఆ సంవత్సరానికి హాయిగా నిద్రపోతారు. ఎగతాళికి అనడం లేదు. భయం అలా నేర్పింది మాకు.

నాకు ఆయాసం మొదలైంది. బావి గట్టు మీద బిందె పెడితే గుండె దడదడలాడేది. పప్పు ఏరుతుంటే కళ్ళ ముందు నల్లటి చుక్కలు తిరిగేవి. అంతకు ముందు నుంచే విరోచనంలో నెత్తురు పడుతోంది. మొదట ఎప్పుడైనా ఒకసారి, తర్వాత తరచుగా. చుక్కలుగా కాదు, మలంతో కలిసిపోయి ముదురు ఎరుపుగా, జిగటగా. మొలలు అనుకున్నాను. కింద కూర్చుని పనిచేసే ఆడవాళ్ళలో సగం మందికి మొలలున్నాయి. ఒకరికొకరం ముల్లంగి తినమని, మజ్జిగ తాగమని చెప్పుకునేవాళ్ళం. మొలలని ఎవరూ చూసి చెప్పలేదు. మాకు మేమే చెప్పుకున్నాం.

చెల్లెలు వచ్చి నా ముఖం చూసి గాబరా పడింది. అక్కను మా వైపు అప్ప అంటారు.

"అప్పా, ముకం ఉబ్బినట్టుందే. కిడ్నీలేటో సూపించుకో."

"ఉబ్బనేదే, పాలిపోనాది. నెత్తురు పోతంది."

"ఎక్కడ?"

చెప్పాను. అది ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది.

"మొలలేనే అవి. నాకూ ఉన్నాయి, మా అత్తకీ ఉన్నాయి. మొలలకి ఎవులైనా సచ్చిపోయారేటి? కిడ్నీలు సూపించుకో ముందు."

ఇద్దరం వెళ్ళాం. చెయ్యి చాపాను, నెత్తురు తీశారు. సాయంత్రానికి అంకె వచ్చింది. బాగుంది. చాలా బాగుందన్నారు. చెల్లెలు రోడ్డు మీదే చేతులెత్తి అమ్మవారికి దండం పెట్టింది. ఇంటికొచ్చాక కోడి తెగింది. మా ఇంటాయన ముక్కలు నా కంచంలోకి వేస్తూ, "ఇనప బొమ్మే నువ్వు. నన్ను పంపించీసి గానీ నువ్వు పోవు" అన్నాడు.

నేనూ నవ్వాను. ఆ పూట చెప్పలేనంత ధీమా వచ్చింది. మర్నాడు పొద్దున్న నెత్తురు పడితే కూడా, "కిడ్నీలు బాగున్నాయి కదా" అని నీళ్ళు పోసి వచ్చేశాను. మా వైపు వాళ్ళం తప్ప ఇంకెవరూ ఇలాంటి పొరపాటు చేయరనుకుంటాను. ఒక తలుపు దగ్గర దొంగ లేడని చూసుకుని, మిగతా తలుపులన్నీ తెరిచి పడుకున్నాం.

అలా ఇంకెన్నాళ్ళు పోయేదో. మా ఇంటాయన కడుపులో గాలి నన్ను కాపాడింది. నిజమే రాస్తున్నాను.

ఆయనకు తిన్నది అరగక తేన్పులు. పక్కింటి వాళ్ళకు కూడా వినిపించే తేన్పులు. విశాఖ నుంచి వారానికోసారి టెక్కలి వచ్చి చూసే కడుపు డాక్టరమ్మ ఉందని ఎవరో చెప్పారు. ఒంటరిగా వెళ్ళనన్నాడు. బస్సెక్కించి తీసుకెళ్ళాను. బస్సు కాంప్లెక్సు నుంచి ఆసుపత్రి దాకా నడవడానికే నేను రెండు చోట్ల ఆగి నిలబడాల్సి వచ్చింది. రోగి ముందు నడుస్తున్నాడు, తోడొచ్చినదాన్ని నేను వెనక రొప్పుతున్నాను.

డాక్టరమ్మ చిన్నదే. కళ్ళద్దాలు, బిగించి కట్టిన జడ. మా ఇంటాయన పొట్ట నొక్కి చూసింది, పకోడీలు మానమంది, మాత్రలు రాసింది. ఆ చీటీ అందుకోవడానికి నేను చెయ్యి చాపాను. ఆవిడ చీటీ ఇవ్వకుండా నా వేళ్ళు పట్టుకుంది.

"ఏంటమ్మా ఈ నలుపు?"

"జీడి రసమమ్మా. పిక్కలు కొట్టే సేతులు. పోదు."

అరచెయ్యి తిప్పి చూసింది. గోళ్ళు చూసింది. జీడి రసం తిన్న చేతుల్లో ఏ రంగు కనిపిస్తుంది? అప్పటిదాకా నన్ను చూసిన వాళ్ళందరూ చేతులు చూసి వదిలేశారు. ఈవిడ కుర్చీలోంచి లేచి నా దగ్గరకొచ్చి కింది కనురెప్ప కిందికి లాగింది. ఒక్క క్షణమే చూసింది.

"మీరు కూర్చోండి," అంది. మా ఇంటాయనతో, "మీరు లేవండి," అంది.

ఆయన లేచాడు. రోగి కుర్చీలో నేను కూర్చున్నాను.

"నెలసరి ఆగిపోయి ఎన్నాళ్ళయింది? ఎక్కడినుంచైనా రక్తం పోతోందా?"

మా ఇంటాయన గోడ మీద బొమ్మ చూడ్డం మొదలుపెట్టాడు. నేను దాచలేదు. రంగు, జిగట, ఎప్పటినుంచి, కడుపు పూర్తిగా ఖాళీ కానట్టుండడం, అన్నీ చెప్పాను.

"మొలలని ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు. మేమే అనుకున్నాం."

"ఎవరైనా పరీక్ష చేశారా?"

"క్రియాటిన్ సేసారమ్మా. బాగున్నాది."

ఆవిడ నవ్వలేదు. అందుకు ఇప్పటికీ దండం పెడతాను. "బాగుండడం మంచిదే. అది మీ కిడ్నీల సంగతి చెబుతుంది. పేగు సంగతి దానికి తెలియదు," అంది.

ఇంతలో వెనక నుంచి మా ఇంటాయన: "ఓలే, ఇన్నాల్లూ నాకు సెప్పనేదేటే?"

"నీకు సెప్తే నువ్వేటి సేత్తావు మావా? తేన్పుతావు."

అప్పుడు మాత్రం డాక్టరమ్మ నవ్వింది.

తెర చాటుకు తీసుకెళ్ళి, తొడుగు వేసుకున్న వేలితో పరీక్ష చేసింది. బాధేమీ లేదు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, మూడోది దక్కలేదు. కాన్పు బల్లల మీద పడుకున్న ఆడదానికి ఇదేం కొత్త? మొలలు చిన్నవి ఉన్నాయి గానీ ఇంత రక్తం పోయేంత లేవు అని చెప్పింది. లోపలికి కెమెరా గొట్టం పంపి పెద్దపేగు మొత్తం చూడాలంది.

"ఏటుంటాదమ్మా లోపల?"

ఆవిడ సాగదీయలేదు. "పుండు ఉండొచ్చు. పిలక లాంటిది మొలిచి ఉండొచ్చు, దాన్ని పాలిప్ అంటాం. గడ్డ కూడా ఉండొచ్చు. మీ వయసులో రక్తం ఇలా పోతుంటే చూడకుండా ఊరుకోకూడదు. పిలకే అయితే చాలావరకు అదే గొట్టంతో తీసేయొచ్చు. క్యాన్సర్ అయ్యేవి చాలావరకు ముందు పిలకలుగానే మొదలవుతాయి. అది మారిపోయే లోపల మనం వెళ్ళామా లేదా అన్నదే ప్రశ్న."

ఆ మాట నాకు అర్థమైంది. మారకముందు పట్టుకున్నామా, మారాక పట్టుకున్నామా. ఇక ఆ రోజు నుంచి నా బతుకంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

ఇంటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేసి పాలిప్ మాట చెప్పాను. అది వెంటనే, "ఓస్, అదా! నాకు ముక్కులో తీసారు కదే, గుర్తు నేదా? ద్రాచ్చపండులాగ ఉండేది. తీసీసారు, మల్లీ వచ్చింది, మల్లీ తీసారు. ఏటైపోనాను? నువ్వు పేగులో గొట్టం దూర్పించుకోకు. మందేత్తే పోద్ది" అంది. తర్వాత అసలు మాట బయటపెట్టింది. "ముక్క కోత్తే రేగుతాదంట అప్పా. మా ఈదిలో ఒకాయనకి కోసారు, ఏడాది తిరక్కుండా పోనాడు."

ఈ మాట మా వైపు ఎంత పాతుకుపోయిందో చెప్పలేను. కత్తి తగిలితే జబ్బు రేగుతుందని. నాకూ లోపల ఆ భయం ఉంది. లేదని గొప్పలు పోను.

పరీక్షకు ముందు మళ్ళీ ఒకసారి వెళ్ళాల్సి వచ్చినప్పుడు డాక్టరమ్మను రెండూ అడిగేశాను. ముక్కులో పిలక గురించి అడిగితే, "అది ఎలర్జీకి పొర ఉబ్బి నీరు పట్టి వేలాడేది. ఇబ్బంది పెడుతుంది గానీ మామూలుగా క్యాన్సర్ కాదు. పేగులో మొలిచేవాటిలో కొన్ని అలా కాదు. పేరొకటే అయినా రెండూ ఒకటి కావు" అంది. ముక్క కోస్తే రేగుతుందా అంటే, "రేగదు. కోసిన వాళ్ళలో అప్పటికే ముదిరిన వాళ్ళు చనిపోతే, కోత వల్ల పోయారని అనుకుంటారు. ఆలస్యం వల్ల పోయారు" అంది.

అప్పుడు మూడో ప్రశ్న వేశాను. కడుపు కడగడానికి తాగించే మందు కిడ్నీలను చెడగొట్టదా అని. అడుగుతున్నప్పుడే సిగ్గేసింది, మళ్ళీ కిడ్నీలే పట్టుకుని వేలాడుతున్నానని. ఆవిడ కలం కింద పెట్టింది. "ఇది మంచి ప్రశ్నమ్మా. కొన్ని మందులు నిజంగానే చెడగొడతాయి. అందుకే మీ వైపు వాళ్ళకు అవి రాయను. ఇది నీళ్ళలో కలుపుకుని ఎక్కువ మోతాదులో తాగేది, కిడ్నీలకు బరువు కాదు. మీ క్రియాటిన్ కాగితం కూడా తెచ్చివ్వండి, నాకు కావాలి." మా భయాన్ని వెర్రి అనకుండా దానితోనే పని చేయించుకుంది ఆవిడ. ఇలాంటి చదువు అందరికీ రాదు.

ముందు నెత్తురు పట్టడానికి మాత్రలిచ్చింది. పరీక్ష దగ్గరపడ్డాక వాటిని ఆపమంది. గింజలున్నవి, ఆకుకూరలు మానేసి మెత్తటి గంజి తాగాను. ఇంటినుంచి ఆ మందు తాగి బస్సెక్కితే ఏ టర్నింగు దగ్గర ఏమవుతుందో చెప్పలేం కాబట్టి ఆసుపత్రిలోనే ఒక గది ఇచ్చారు. మరుగుదొడ్డి వరండా చివర ఉంది. మరో గది వాళ్ళకు కూడా అదే.

మందు రుచి ఏమని చెప్పను. ఉప్పు మడిలో నిమ్మకాయ పిండినట్టుంది. మా ఇంటాయనకు అదే మాటంటే, "ఉప్పు మడిని ఏటీ అనకు, అన్నం పెట్టింది" అని కోప్పడ్డాడు. గ్లాసు తర్వాత గ్లాసు కలిపి ఇచ్చేవాడు. నేను తాగేదాన్ని, పరిగెత్తేదాన్ని. ఆయన మరుగుదొడ్డి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవరైనా అటు వస్తే చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండి బాబూ, మా ఇంటిది వత్తాది" అనేవాడు. ఒకాయన, "లోపల ఎవరూ లేరు కదా" అంటే, "ఇపుడు నేరు. మీరెల్లగానే వత్తాది. నాకు తెల్సు" అన్నాడు. ఆయన అన్నట్టే అయింది.

ఒకసారి నేను చేరుకోలేకపోయాను. వరండాలోనే అయింది. నేను గోడ పట్టుకుని నిలబడిపోతే, ఆయనే బకెట్టు తెచ్చి కడిగాడు. ఆయా వచ్చి తాను చేస్తానన్నా వినలేదు. ఆయన జన్మలో ఇంట్లో గ్లాసు కడిగిన మనిషి కాదు. ఆ కడుగుడు కోసం, ఆయన నన్ను తిట్టిన తిట్లన్నీ కొట్టేశాను. అంతకన్నా పెద్దమాట నాకు చేతకాదు.

మధ్యాహ్నం లోపలికి తీసుకెళ్ళారు. నర్సు నన్ను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ళు పొట్టకు ముడవమని, వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. వెచ్చటి చెయ్యి. చేతిలోకి మత్తు మందిచ్చారు గానీ పూర్తిగా నిద్ర పట్టలేదు. తెర నాకు ఎదురుగానే ఉంది. నా కడుపు లోపల నేనే చూశాను. ఎర్రగా, తడిగా, మడతలు మడతలుగా ఒక సొరంగం. ఇంత శుభ్రంగా ఉంటుందా లోపల అనుకున్నాను. ఏ గింజ చూసినా ముందు మచ్చ ఎక్కడుందా అని వెతికే కళ్ళు నావి, అక్కడ కూడా వెతుక్కున్నాయి.

గొట్టం ఇంకా చాలా దూరం వెళ్ళకముందే కనిపించింది. సన్నటి కాడ. కాడ చివర ఎర్రగా నిగనిగలాడే తల. పిక్క ఊడబెరికిన జీడిపండు కొమ్మకు వేలాడుతున్నట్టే ఉంది. పేగు కదిలినప్పుడల్లా అది అటూ ఇటూ ఊగుతోంది. దాని మీద నెత్తురు చెమ్మ.

"అదేనా అమ్మా?" అన్నాను. నా గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది.

"అదే. మీరు మెలకువగానే ఉన్నారే! మాట్లాడకండి, పొట్ట కదులుతుంది."

ముందు చివరిదాకా వెళ్ళి పేగంతా చూసుకుని వెనక్కి వచ్చింది. ఇంకెక్కడా ఏమీ లేదు. అప్పుడు గొట్టంలోంచి సన్నటి తీగ ఉచ్చు బయటికొచ్చింది. తల మీదుగా జారి కాడ చుట్టూ పడింది. మెల్లగా బిగిసింది. తల నల్లబడింది. కరెంటు పెట్టినట్టున్నారు, కాడ తెల్లగా మారి తెగింది. నొప్పి లేదు, నిజంగా లేదు. తెగిన చోట నెత్తురు రాకుండా చిన్న క్లిప్పు వేసింది. ముక్కను పట్టి బయటికి తీసి నీళ్ళలాంటి మందున్న సీసాలో వేశారు.

బయటికొచ్చాక మా ఇంటాయనకు ఆ సీసా చూపించారు. ఆయన కళ్ళు దగ్గరగా పెట్టి చూసి, "ఇంతేనా? ఇంతదానికి నెత్తురంతా తాగీసిందా!" అన్నాడు.

డాక్టరమ్మ మాత్రం సంబరపడనివ్వలేదు. "తీసేశాం, అది మంచి విషయం. అయితే కంటికి బాగున్నట్టు కనిపించినా లోపల ఏముందో ముక్క పరీక్షే చెప్పాలి. తల వరకే చెడితే ఒక దారి. చెడు కాడలోకి దిగి ఉంటే ఆపరేషన్ దాకా వెళ్ళాలి. రిపోర్టు వచ్చేదాకా నేను ఏ మాటా ఇవ్వను," అంది. ఎక్కువ నెత్తురు పడినా, కడుపులో గట్టి నొప్పి వచ్చినా వెంటనే రమ్మని చెప్పి పంపింది.

సీసా విశాఖ వెళ్ళింది. అక్కడ ముక్కను మైనంలో పొదిగి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, రంగు అద్ది, భూతద్దాల కింద పెట్టి చూస్తారట.

ఆ ఎదురుచూపు గురించి ఎక్కువ రాయను. పనిలోకి వెళ్ళాను. చేతులు పప్పు ఏరుతుంటే మనసు ఆ కాడ దగ్గరే ఉండేది. నెత్తురు పడడం ఆగిపోయింది. ఆగినందుకు సంతోషపడబోయి, కిడ్నీల అంకె బాగుందని కోడి కోసిన రోజు గుర్తొచ్చి నన్ను నేను వారించుకునేదాన్ని. చెల్లెలు రోజూ ఫోన్ చేసేది. రేగిందా అని అడగడానికి నోరు రాక, "అన్నం తిన్నావా" అని అడిగేది. "రేగనేదే, తిన్నాను" అని రెండింటికీ జవాబు చెప్పేదాన్ని.

రిపోర్టు వచ్చిందని కబురు పెట్టారు. ఇద్దరం వెళ్ళాం. మా ఇంటాయన ఆ రోజు ఒక్క తేన్పు కూడా తీయలేదు. డాక్టరమ్మ కాగితం చదివి, తల ఎత్తకుండా తెల్లకాగితం మీద బొమ్మ గీసింది. ఒక కాడ, దానిమీద ఒక తల. తల పైభాగంలో చుక్కలు పెట్టింది.

"ఇక్కడ కణాలు చెడిపోవడం బాగా ముదిరింది. ఇంకొంత కాలం వదిలేసి ఉంటే క్యాన్సర్ అయ్యేదే. కానీ తల దాటలేదు." కలంతో కాడ మీద గీత గీసింది. "మనం కోసింది ఇక్కడ. కాడ శుభ్రంగా ఉంది. ఆపరేషన్ అక్కర్లేదు."

నేను ఆ గీత వైపే చూస్తున్నాను.

"అంటే, మారీలోపలే ఎల్లామా అమ్మా?"

"మారేలోపలే వెళ్ళాం."

మా ఇంటాయన గట్టిగా ముక్కు చీది, "కోడి కోయొచ్చా డాక్టరమ్మా?" అన్నాడు.

"కోయండి. మీరు మాత్రం తక్కువ తినండి," అందావిడ.

నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను. నా నల్లచేతుల్లో తెల్లగా ఉన్నాయి. "నీ కళ్ళు సల్లగుండాల" అన్నాను. ఆవిడ, "నా కళ్ళు సరే. ఆ ముక్కను చూసిన డాక్టరు గారి కళ్ళు కూడా. ఆయన పొర పొరా చూసి రాయబట్టే నేను ధైర్యంగా చెప్పగలిగాను" అంది. ఆయన ముఖం నేను చూడలేదు, నా ముఖం ఆయన చూడలేదు. నా ఒంట్లోని ముక్కను మాత్రం నాకన్నా దగ్గరగా చూశాడు. ఎక్కడున్నాడో గాని, ఆ మనిషి మధ్యాహ్నం భోజనం వేళకు తినాలని, ఆయన కళ్ళకు ఏ జబ్బూ రాకూడదని ఇప్పటికీ కోరుకుంటాను. తోడబుట్టిన వాళ్ళకు కూడా కోరుకోనంత గట్టిగా.

తోడబుట్టిన వాళ్ళంటే గుర్తొచ్చింది. మేం లేవబోతుంటే డాక్టరమ్మ, "కొన్నేళ్ళకు మళ్ళీ ఒకసారి చూడాలి, కొత్తవి మొలిచాయేమోనని. ఇంకో మాట. మీకు అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఉన్నారా? ఇలాంటిది ఒకరికి వస్తే తోడబుట్టిన వాళ్ళకూ వచ్చే అవకాశం ఎక్కువ. వాళ్ళూ చూపించుకోవాలి. మీ పిల్లలు కూడా, వాళ్ళ వయసుకు తగ్గట్టు" అంది.

నాకు చెల్లెలి మాట చెవిలో గంట కొట్టినట్టయింది. "నాకూ ఉన్నాయి" అంది కదా అది. మొలలని.

ఆసుపత్రి మెట్ల మీదే ఫోన్ చేశాను.

"కాడ బాగుందే. బతికాను."

అటువైపు ఏడుపు. ఏడవనిచ్చాను. తర్వాత అన్నాను: "నీకూ మొలలున్నాయన్నావు, ఎవులైనా సూసారేటి?"

"నా క్రియాటిన్ బాగుందప్పా..."

"నీ క్రియాటిన్ని కొబ్బరిచెట్టెక్కించు. ఎవులైనా సూసారేటే?"

"నేదు."

"అయితే వచ్చే వారం నువ్వొత్తన్నావు."

"నాకు సిగ్గప్పా. ఆ గొట్టం... మీ మరిది ఏటనుకుంటాడు?"

"సచ్చిపోతే ఏటనుకుంటాడు? మల్లీ పెల్లాడేత్తాడు."

ఫోన్ పెట్టేసింది. కోపమొచ్చింది. నేను మొరటుగానే అన్నాను, మెత్తగా అంటే దానికి ఎక్కదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మా మరిదే ఫోన్ చేశాడు. "ఒదినా, మల్లీ పెల్లంటన్నావంట, ఎవులున్నారేటి?" అని నవ్వి, "నేనే తీసుకొత్తాను. ఏ రోజొత్తాది ఆ డాక్టరమ్మ?" అన్నాడు. ఆయన్ని నేను తక్కువ లెక్క వేశాను. ఆయనకూ దండం.

చెల్లెలు వచ్చింది. మొదటి గ్లాసు నుంచి చివరి గ్లాసు దాకా నన్ను తిడుతూనే తాగింది. లోపలికి తీసుకెళ్ళాక నేను బల్ల మీద కూర్చుని, నా రిపోర్టుకు కూడా పడనంత భయం పడ్డాను. నాది ఎటూ నాదే. అది నాకన్నా చిన్నది. చిన్నప్పుడు దాన్ని చంకనేసుకుని తిరిగినదాన్ని.

డాక్టరమ్మ బయటికొచ్చి, "మొలలే. మందు రాస్తాను. పేగంతా శుభ్రంగా ఉంది, ఒక్క పిలక కూడా లేదు. కొన్నేళ్ళకొకసారి చూపించుకుంటే చాలు" అంది.

టెక్కలి నుంచి సోంపేట వైపు బస్సులో చెల్లెలు కిటికీ పక్కన కూర్చుంది. మత్తు దిగేసరికి నోరు లేచింది.

"ఏటీ నేనిదానికి ఎందుకే ఇంత తాగించినావు? మొలలే అని నేను ముందే సెప్పనేదా? మా ఈదిలో తలెత్తుకోగల్నా? కడుపంతా కాలీ సేసీసి పంపించినావు. నువ్వు అప్పవేటి? రాచ్చసివి!"

ముందు సీట్లోంచి మా మరిది వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. మా ఇంటాయన నా వైపు చూసి, జవాబు చెప్పొద్దని కన్ను గీటాడు. నేను చెప్పలేదు. హైవే మీద బస్సు ఊగుతోంది. అది ఊపిరి కూడా తీసుకోకుండా తిడుతోంది. గొంతు గట్టిగా, ముఖం ఎర్రగా, ఒంట్లో నెత్తురు నిండుగా ఉన్న మనిషి తిట్లు అవి. బస్సు సోంపేట చేరేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్క మాట కూడా పోకుండా విన్నాను.